రోడ్డెక్కిన అగ్నిపర్వతం

ఫ్యూజీ పర్వతం మళ్లీ పేలితే టోక్యో గతేమిటి? జపాన్ ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం 2020లో ఈ ప్రశ్నకు లెక్కలు కట్టింది. ఆ లెక్కల్లో రోడ్ల గురించి రెండు అంకెలున్నాయి. వాతావరణం పొడిగా ఉంటే 10 సెంటీమీటర్ల బూడిద పడ్డాక మామూలు కార్లు కదలవు. వాన పడుతుంటే 3 సెంటీమీటర్లు చాలు. మామూలు కార్లంటే ఇక్కడ ఇంజన్ బలం రెండు చక్రాలకే అందేవి. మన ఊళ్లలో తిరిగే కార్లలో చాలా భాగం అవే.

మూడు సెంటీమీటర్లంటే దాదాపు రెండు వేళ్ల మందం. వానాకాలంలో మన దగ్గర ఆటోలు మోకాలి లోతు నీళ్లలోంచి కూడా ఎలాగో బయటపడుతుంటాయి. అలాంటిది, రెండు వేళ్ల మందం పొడికి కారు చతికిలబడటమేమిటి అనిపించడం సహజం. అసలు సంగతి ఇంకా విచిత్రం. కారు పూర్తిగా ఆగిపోవడం ఈ వ్యవహారంలో ఆఖరి ఘట్టం. డ్రైవరుకు కష్టాలు అంతకు చాలా ముందే, బూడిద మందం మిల్లీమీటరు దాటకముందే మొదలవుతాయి. ఫ్యూజీ చివరిసారి పేలింది 1707 డిసెంబరులో. పదహారు రోజుల పాటు ఎగసిన బూడిద దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎడో నగరం మీద, అంటే నేటి టోక్యో మీద పడింది. అప్పుడక్కడ కార్లు లేవు.

పొయ్యిలో మిగిలే బూడిదను మనసులో పెట్టుకుంటే ఈ విషయం అర్థం కాదు. కట్టెల బూడిద మెత్తన, వేళ్ల మధ్య నలిగిపోతుంది. అగ్నిపర్వతం చిమ్మేది దేన్నో కాల్చగా మిగిలినది కాదు, అచ్చంగా రాయి. భూమి లోపలి మాగ్మాలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకపు వాయువులు కరిగి ఉంటాయి. మాగ్మా పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఆ వాయువులు ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి. ఆ విసురుకు కరిగిన రాయి తునాతునకలై, స్ఫటికాలు కట్టే వ్యవధి కూడా లేకుండా గాల్లోనే చల్లారి గాజవుతుంది. ఆ గాజు తునకలకు అంతకుముందే ఏర్పడిన ఖనిజ స్ఫటికాలు, పాత రాతి ముక్కలు తోడవుతాయి. వీటిలో 2 మిల్లీమీటర్ల లోపు ఉన్నవన్నీ శాస్త్రజ్ఞుల లెక్కలో బూడిదే. అది నీళ్లలో కరగదు, ఎండకు ఆవిరి కాదు, మంచులా దానంతటదే మాయం కాదు. ఎవరో ఒకరు ఎత్తిపోయాలి, లేదా గాలివానలు ఎక్కడికో మోసుకుపోవాలి.

థర్మల్ విద్యుత్ కేంద్రాల పరిసరాల్లో బూడిద లారీల వెనక బండి నడిపినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ దుమ్ముకూ దీనికీ పెద్ద తేడా ఉంది. బొగ్గు కొలిమిలో పుట్టే సన్నటి బూడిద రేణువులు చాలావరకు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. అగ్నిపర్వతపు రేణువును సూక్ష్మదర్శిని కింద పెడితే కనిపించేవి పదునైన అంచులు, పగిలిన బుడగల గోడలు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో అగ్నిపర్వతపు గాజు సుమారు అయిదున్నర దగ్గర నిలుస్తుంది. అందులో కలిసి ఉండే ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ ఉంటే అది 7. కిటికీ అద్దం, కారు అద్దం కూడా అయిదున్నర దగ్గరే. ఈ సంగతి గుర్తుంచుకుంటే వైపర్ల దగ్గరకు వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఈ పదార్థాన్ని చేత్తో పట్టుకుని చూడాలంటే జపాన్ దాకా పోనక్కర్లేదు. నంద్యాల జిల్లాలో, బనగానపల్లె ప్రాంతంలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా మహాగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం దాటి వచ్చి రాలిన బూడిద అక్కడ పొరగా నిలిచింది. చుట్టుపక్కల నేల మీద పడినదాన్ని కూడా వాననీళ్లు లోయలోకి చేర్చడంతో కొన్నిచోట్ల ఆ పొర మనిషి ఎత్తును మించింది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లను గుర్తించి 2007లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. పురావస్తు శాస్త్రానికి అది పెద్ద వార్త. ఊరివాళ్లకు మాత్రం ఆ తెల్లటి పొడి అంతకుముందే తెలుసు. శుభ్రం చేసే పొడుల తయారీకి దాన్ని తవ్వి అమ్మేవారు. 74 వేల ఏళ్లు మట్టిలో పడి ఉన్నాక కూడా మురికిని గీకగలిగే పొడి, నిన్న రాత్రే పడిందైతే బండిని ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. ఈ మధ్య కాలంలో మన నెత్తిమీదికి అగ్నిపర్వతపు మేఘం వచ్చింది 2025 నవంబరులో. ఇథియోపియాలో హైలీ గుబ్బీ పేలి, ఆ బూడిద అరేబియా మీదుగా ఉత్తర భారతం దాకా వచ్చింది. కొన్ని విమానాలు రద్దయ్యాయి. అదంతా చాలా ఎత్తున సాగిపోవడంతో రోడ్లకు దాని సెగ తగల్లేదు.

రోడ్లకు సెగ బాగా తగిలిన చోటు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం. 1980 మే 18 ఆదివారం, ఉదయం 8 గంటల 32 నిమిషాలకు సెయింట్ హెలెన్స్ పర్వతం ఉత్తరపు పక్క కూలి పేలింది. 57 మంది చనిపోయారు. గాలి తూర్పుకు వీస్తుండటంతో ఉత్తరాన ఉన్న సియాటిల్ మహానగరం బతికిపోయింది. తూర్పున గోధుమ పొలాల మధ్య ఉన్న చిన్న పట్టణాలు దొరికిపోయాయి. యాకిమా ఊళ్లో పట్టపగలే వీధి దీపాలు వెలిగాయి. మధ్యాహ్నం మూడు గంటలకల్లా 400 కిలోమీటర్ల దూరంలోని స్పోకేన్‌లో చూపు మూడు మీటర్లకు పడిపోయింది. ఎదురుగా వచ్చే కారు హెడ్‌లైట్లు కూడా సరిగా కనబడలేదు.

ఆ దారిలో రిట్జ్‌విల్ అనే ఊరుంది. అగ్నిపర్వతానికి 300 కిలోమీటర్ల దూరం. ఇంత దూరంలో బూడిద పలచబడాలి. అలా జరగలేదు. దగ్గరి ఊళ్లకంటే ఇక్కడే ఎక్కువగా, 5 సెంటీమీటర్ల దాకా పడింది. బాగా సన్నటి రేణువులు గాల్లో ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కట్టి, బరువెక్కి, ఒకేచోట రాలిపోవడమే దీనికి కారణం. నేలను తాకాక ఆ ఉండలు విడిపోయి మళ్లీ సన్నటి పొడి అయ్యాయి. బండి నడిపేవాళ్లకు ఇంతకంటే చెడ్డ బూడిద లేదు. ముతక రేణువులు లేచినా వెంటనే కింద పడతాయి. ఈ పొడి లేచిందంటే ఎంతసేపటికీ దిగదు. పెద్ద రహదారి మీద పోతున్న వందల కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఊరి జనాభాకు దాదాపు సమానంగా ప్రయాణికులు వచ్చిపడితే, బడుల్లో, చర్చిల్లో, ఇళ్లల్లో వాళ్లకు చోటిచ్చారు.

సియాటిల్ నుంచి స్పోకేన్ దాకా ఇంటర్‌స్టేట్ 90 వారం రోజులు మూతపడింది. ఇవాళ సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ, ఇసాక్వాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలు సెలవు రోజున కొండల వైపు కారు తీసేది ఈ రహదారి మీదికే.

ఆ వారంలో కార్లకు ఏమైందో మెకానిక్కుల భాషలో చెప్పుకోవడం తేలిక. ముందు పికప్ పోయింది. ఇంజన్ ఊపిరి పీల్చే దారిలో ఉండే ఎయిర్ ఫిల్టర్ మడతల్లో పొడి కూరుకుపోతే గాలి చాలదు, ఇంధనం సరిగా మండదు, బండి ముక్కుతూ మూలుగుతూ ఆగిపోతుంది. ఫిల్టర్‌ను ఎలాగో దాటుకుని, లేదా దాని అంచుల సందుల్లోంచి లోపలికి దూరిన సన్నటి రేణువులు చేసే పని ఇంకా ఘోరం. అవి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తాయి. పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు మధ్య ఉండాల్సింది నూనె పొర. దాని స్థానంలో ఎమెరీ పేపరు పెట్టినట్టవుతుంది. లక్షల కిలోమీటర్లు తిరగాల్సిన ఇంజన్ కొద్ది రోజుల్లో బోరుకొస్తుంది.

అందుకే అమెరికా అధికారులు ఆ అనుభవం తర్వాత రాసిపెట్టిన జాగ్రత్తలు చదివితే మొదట నమ్మబుద్ధి కాదు. దట్టమైన బూడిదలో నడపక తప్పని వాహనానికి ప్రతి 80 నుంచి 160 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాలన్నారు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేలోపు రెండుమూడు సార్లన్నమాట! బ్రేకులను కూడా అదే లెక్కన విప్పి శుభ్రం చేయాలన్నారు. ఎయిర్ ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటకు గాలి కొట్టి దులపాలి. బయటి నుంచి కొడితే పొడి ఇంకా లోతుకు దిగుతుంది. నేలకేసి తట్టే అలవాటు మన గ్యారేజీల్లో ఉంది గానీ, కాగితపు మడతలు చిరిగితే ఆ ఫిల్టర్ ఉన్నా లేనట్టే. రేడియేటర్ రెక్కల మధ్య బూడిద పేరుకుంటే ఇంజన్ వేడెక్కుతుంది. ఆల్టర్నేటర్ తన ఫ్యానుతో తానే బూడిదను లోపలికి లాక్కుంటుంది. విద్యుత్ కారుకు ఇంజన్ లేదు కాబట్టి బెంగ లేదనుకోవడం సగమే నిజం. దానికి ఇంజన్ ఫిల్టర్ ఉండదు, నిజమే. బ్రేకులు, బేరింగులు, బ్యాటరీని చల్లబరిచే రేడియేటర్, అద్దాలు మాత్రం అందరికీ ఉన్నట్టే దానికీ ఉంటాయి.

అద్దం సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. ముందు అద్దం మీద సన్నటి బూడిద పొర పడుతుంది. దారి మసకబారుతుంది. డ్రైవరు చేయి దానంతటదే వైపర్ మీటకు వెళ్తుంది. రబ్బరు అంచు ఆ పొడిని అద్దానికేసి నొక్కి, ఒక చివర నుంచి ఇంకో చివరకు ఈడుస్తుంది. గట్టిదనంలో అద్దానికి సమానమైన గాజు తునకలు, వాటితోపాటు అంతకంటే గట్టి స్ఫటికాలు. ఒక్క ఊపుకే సన్నటి వంపు గీతలు పడతాయి. పగలు అవి అంతగా తెలియవు. రాత్రి ఎదురుబండి లైటు పడగానే ప్రతి గీతా మెరిసి, ముందు ఏముందో కనబడకుండా చేస్తుంది. బూడిద ఎప్పుడో పోతుంది, ఈ గీతలు అద్దం మార్చేదాకా ఉంటాయి. మొదట అద్దం మీద ధారాళంగా నీళ్లు పోసి పొడిని కిందికి జార్చాలి. వైపర్ పని ఆ తర్వాతే. కారు ఒంటిని గుడ్డతో తుడవడం కూడా అంతే తప్పు, నీళ్ల పైపుతో కడగాలి. తాజా బూడిద రేణువుల మీద ఆమ్లాలు, లవణాలు పూతగా ఉంటాయి. వాటిని అలాగే వదిలేస్తే పెయింటును, ఇనుమును తింటాయి.

ఇక జారుడు. బూడిద పడ్డ రోడ్డు ఐసుగడ్డలా జారుతుందని చాలామంది నమ్మకం. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో డానియల్ బ్లేక్ బృందం దీన్ని ప్రయోగశాలలో తేల్చుకోవాలనుకుంది. రోడ్డు ఇంజనీర్లు వాడే లోలకం పరికరం ఒకటుంది. ఊగే చేతికి చివర రబ్బరు ముక్క బిగించి ఉంటుంది. అది రోడ్డు ఉపరితలాన్ని రాసుకుంటూ వెళ్లి అవతలి వైపు ఎంత ఎత్తుకు లేచిందో చూస్తే, రోడ్డు రబ్బరును ఎంత పట్టి ఆపిందో తెలుస్తుంది. తారురోడ్డు ముక్కల మీద రకరకాల బూడిదలను రకరకాల మందాల్లో పరిచి, తడిపి, ఆరబెట్టి కొలిచారు. మిల్లీమీటరు మందం పొర ఉన్నప్పుడు వచ్చిన పట్టు, వానకు తడిసిన శుభ్రమైన రోడ్డు పట్టుకంటే కొంచెం తక్కువ. అంతే. ముతక రేణువులుంటే ఇంకాస్త తగ్గింది. వాళ్లు చూసిన ఒక బసాల్ట్ బూడిదను 3 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా పెంచినా పెద్ద తేడా కనబడలేదు.

అంటే ఐసుతో పోలిక అతిశయోక్తి. అయినా ప్రమాదాలు జరుగుతాయి. ఎందుకంటే వానలో డ్రైవరుకు రోడ్డు తడిగా ఉందని తెలుసు, కాలు దానంతటదే వెనక్కి తగ్గుతుంది. ఎండలో, పొడిగా కనిపిస్తున్న రోడ్డు మీద తడిరోడ్డు పట్టే ఉందని ఎవరికీ తోచదు. పైగా పలచటి పొరకే తెల్లగీతలు మాయమవుతాయి. మధ్య గీత ఎక్కడుందో, రోడ్డు అంచు ఎక్కడుందో తెలియదు. ముందు వెళ్లిన బండి లేపిన మేఘంలోకి వెనక బండి దూరుతుంది, అది ఇంకో మేఘాన్ని లేపుతుంది. బూడిద రాలడం ఆగి రెండు రోజులైనా సరే, బండ్లు తిరిగినంతసేపూ రోడ్డు మీద బూడిదవాన ఆగదు. గంటకు 55 కిలోమీటర్లు దాటవద్దని అమెరికా వాళ్లు చెప్పింది జారుడు గురించే కాదు, ఈ మేఘం గురించి కూడా.

ద్విచక్ర వాహనాలకు ఇది రెట్టింపు బాధ. 2014 ఫిబ్రవరి 13 రాత్రి ఇండోనేషియాలో కెలూద్ పేలింది. తెల్లవారేసరికి 200 కిలోమీటర్ల అవతల ఉన్న యోగ్యకర్త బూడిదరంగులోకి మారిపోయింది. మన విజయవాడ, వరంగల్ లాగే అది మోటారు సైకిళ్ల ఊరు. నడిపేవాడికి అద్దమంటే హెల్మెట్ ముందున్న ప్లాస్టిక్ పలకే, అది గాజుకంటే త్వరగా గీతలు పడుతుంది. అది ఎత్తితే పొడి కళ్లలో పడుతుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నవాళ్లయితే ముందు వాటిని తీసేయాలి. లెన్సుకు, కంటికి మధ్య చేరిన రేణువు కంటి ముందుపొరను గీస్తుంది. యోగ్యకర్తలో రోడ్ల మీద నీళ్లు చల్లి దుమ్మును అణచాల్సి వచ్చింది.

నీళ్లు మందే, కానీ మోతాదు తప్పితే విషం. 2020 జనవరి 12న ఫిలిప్పీన్స్‌లో తాల్ అగ్నిపర్వతం పేలింది. అది సరస్సు మధ్యలో ఉన్న దీవి. బూడిద ఆవిరితో కలిసి బురదగా కురిసింది. కార్ల మీద సిమెంటు పోసినట్టు పేరుకున్న ఆ బురదను వైపర్లు కదిలించలేకపోయాయి. తడిసిన బూడిద బరువు పొడిదానికి రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. టైరు దాన్ని నొక్కి గట్టినేలను అందుకోలేదు, ఉన్నచోటే తిరుగుతుంది. మూడు సెంటీమీటర్ల అంకె వెనకున్న మర్మం ఇదే. తడి బూడిద విద్యుత్తును కూడా పంపుతుంది, స్తంభాల మీది ఇన్సులేటర్లపై పేరుకుంటే కరెంటు పోతుంది, దాంతో కూడళ్లలో సిగ్నల్ దీపాలు ఆరిపోతాయి.

ఊడ్చేవాళ్లకూ ఇదే చిక్కు. పొడిగా ఊడిస్తే లేచి మళ్లీ అక్కడే పడుతుంది. బాగా తడిపితే కారి డ్రైనేజీలో చేరి గడ్డకడుతుంది. కొద్దిగా తడి చేసి, ఎత్తి, లారీల్లో పోసి, ఎక్కడో పాత క్వారీలో నింపి, పైన మట్టి కప్పి గడ్డి పెంచాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో రహదారులు, విమానాశ్రయాల మీది నుంచే 9 లక్షల టన్నుల బూడిద ఎత్తారు. యాకిమా ఊరికి పట్టింది పది వారాలు, ఖర్చు 22 లక్షల డాలర్లు. అక్కడ పడిన మందం ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు.

ఈ బాధను రోజువారీ పనిగా మార్చుకున్న నగరం జపాన్‌లోని కాగోషిమా. సుమారు ఆరు లక్షల జనం. ఎదురుగా సముద్రపు పాయ, నాలుగు కిలోమీటర్ల అవతల సకురజిమా అగ్నిపర్వతం. 1955 నుంచి ఆ కొండ దాదాపు ఎడతెగకుండా ఎగజిమ్ముతూనే ఉంది. టీవీలో వాతావరణ వార్తలతోపాటు కొండ మీద గాలి ఎటు వీస్తుందో కూడా చెబుతారు. బట్టలు ఆరేయాలా, కారు కడగాలా అన్నది దాన్ని బట్టే. నగరపాలక సంస్థ పసుపుపచ్చ సంచులిస్తుంది. ఇంటి ముందు బూడిదను వాటిలో నింపి, చెప్పిన చోట పెడితే బండి వచ్చి తీసుకుపోతుంది. రోడ్లకు నీళ్లు చల్లే ట్యాంకర్లు, ఊడ్చే యంత్రాలు వేరుగా ఉన్నాయి. 2013 ఆగస్టు 18న 5,000 మీటర్ల ఎత్తుకు బూడిద లేచిన సాయంత్రం అక్కడ రైళ్లు కాసేపు ఆగాయి, కార్లు హెడ్‌లైట్లు వేసుకుని నడిచాయి. సంచులు, ట్యాంకర్లు, అలవాటు పడిన డ్రైవర్లు సిద్ధంగా ఉన్న ఊరికి అది ఒక చెడ్డ రోజు మాత్రమే అయింది. అవేవీ లేని టోక్యోకు మాత్రం 1707 నాటి స్థాయిలో బూడిద పడితే అదే గడ్డు సమస్య. ప్రభుత్వ అంచనా ప్రకారం టోక్యోలో, చుట్టుపక్కల ప్రాంతాల్లో కలిపి ఎత్తిపోయాల్సింది 49 కోట్ల ఘనపు మీటర్లు.

మన నేల మీద సజీవమైన అగ్నిపర్వతాలు లేవు. దేశం మొత్తం మీద సజీవంగా ఉన్నది అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఒక్కటే, అక్కడ మనుషులూ లేరు, రోడ్లూ లేవు. తెలుగువాళ్లకు ఈ బూడిద ఎదురయ్యేది ఎక్కువగా ప్రయాణాల్లోనే. ముఖ్యంగా ఐస్‌లాండ్‌లో. 2010లో ఎయాఫ్యాట్లయోకుట్ల్, 2011లో గ్రిమ్స్‌వోట్న్ పేలాక దక్షిణ తీరాన పడిన బూడిద, అక్కడి నల్ల ఇసుకతో కలిసి పెనుగాలికి లేచేది. ఆ గాలిలో చిక్కిన కారుకు ఒక పక్క పెయింటు లేచిపోతుంది, అద్దాలు పాలరంగులోకి మారిపోతాయి. అందుకే అక్కడ కార్లు అద్దెకిచ్చేవాళ్లు ఇసుక, బూడిద నష్టానికి విడిగా ఒక బీమా అమ్ముతారు. మామూలు బీమాలో చాలాసార్లు అది కలిసి ఉండదు. ఐస్‌లాండ్ వెళ్లి కారు అద్దెకు తీసుకునేవాళ్లు సంతకం పెట్టేముందు ఆ ఒక్క పంక్తీ అడిగి చూసుకోవాలి. దక్షిణ తీరంలో పెనుగాలి హెచ్చరిక వస్తే, బీమా ఉన్నా సరే, ఆ రోజు బండి తీయకూడదు.